ఏడో రొట్టె

నా భర్త ఒర్దబెక్ పోయింది సోమవారం. మా కజక్ మైదానంలో రాకెట్లు ఎగరేసే చోట ఇంధనం బండి నడిపేవాడు. ఆ సాయంత్రం ఉత్తరాన ఆకాశం ఎర్రబడింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఆయన ఇంటికి రాలేదు.

మూడోనాడు బూడిదరంగు కోటు ఆఫీసరొకడు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు.

"మీ ఆయన పోలేదు, టీచరుగారూ. దూరం డ్యూటీకి వెళ్లారు. ఎవరడిగినా అంతే."

"కనీసం శవమైనా..."

"ఏ శవం? చంద్రుడి దగ్గరికి ముందు ఎవరు పోవాలి, మనమా, అమెరికావాళ్లా? మన రాకెట్ నేలమీదే కాలిందని వాళ్లకు తెలియకూడదు. ఈ ఇంట్లో ఏడుపు వినబడిందా, మీకు బడి ఉండదు. మీరూ ఉండరు."

సంతకం పెట్టాను. మర్నాడు పిల్లలకు ఎక్కాలు చెప్పాను. వీధిలో బూట్ల చప్పుడు వినబడితే చాలు, సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది.

ఏడోరోజు మా అత్తగారు పిండి కలిపారు. పోయినవాళ్లకు చేరేది నూనె వాసన ఒక్కటేనని మా నమ్మకం. వాళ్ల పేరున ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో వేస్తాం. శుక్రవారమైతే ఏ ఇంట్లోనైనా వేస్తారు, ఎప్పుడో పోయిన పెద్దల కోసం. ఆ వేళ ఆదివారం. ఆదివారం ఏడు వేశారంటే ఆ ఇంట్లో కొత్త చావు ఉన్నట్టే.

"వద్దత్తా, వాసన బయటికి పోతుంది."

"పోవాలనే కదే వేసేది! అమెరికావాడి ముక్కు నా మూకుడు దాకా వస్తుందా?"

కిటికీలు మూశాను. తలుపు కింద సందులో గుడ్డ కుక్కాను. ఆరు రొట్టెలు వేశాక తలుపు చప్పుడైంది. చివరి పిండిముద్ద తీసి జేబులో దాచాను.

వచ్చింది పక్కింటి గుల్బర్షిన్. ఆమె తమ్ముడు ఆ బూడిదరంగు కోటు ఆఫీసరుకు డ్రైవరు.

"ఏంటి వదినా, ఆదివారం నూనె వాసన? ఎవరి కోసం?" అంటూనే పళ్లెంకేసి చూసింది. పెదవులు కదిలాయి. "ఆరేనా?"

"ఆరే. అత్తకు తినాలనిపించింది."

అత్తగారు నా ముఖంలోకి చూశారు. ఒక రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు.

"ఏం, ముసలిదానికి నోరూరకూడదా?"

అంటూ ఇంకో ముక్క తుంచారు. గుల్బర్షిన్ తనూ ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

పోయినవాళ్లను మళ్లీ తలుచుకునే నలభయ్యోరోజు కూడా దాటింది. జేబులో పిండి రాయిలా బిగిసింది. ఏడో రొట్టె ఇంకా వేయలేదు.