రామస్వామి ఎడమ కాలు

ఎల్బీనగర్‌లో ఆ సందు చివరి ఇంటి తలుపు చలికాలం వచ్చిందంటే తెల్లారకముందే చప్పుడవుతుంది. మొదట వచ్చేది పై వాటాలో ఉండే సూర్యప్రభ. రాత్రి ఇచ్చి వెళ్ళిన పెరుగు గిన్నె కోసం వస్తుంది. ఆ వెనకే ఎదురింటి నాగేశ్వరి దోశల పిండి గిన్నె కోసం వస్తుంది. ఇంటావిడ అండాలమ్మ కళ్ళు నులుముకుంటూ లోపలికి వెళ్ళి, భర్త రామస్వామి మంచం మీద ఆయన ఎడమ కాలికి ఆనించి పెట్టిన గిన్నెల్లో ఎవరిది వాళ్ళకు తెచ్చి ఇస్తుంది. పెరుగు గడ్డలా తోడుకుని ఉంటుంది. పిండి మూత తోసుకుని పొంగి ఉంటుంది.

"మా భీమవరంలో ఎండాకాలం కూడా ఇంత బాగా తోడుకోదు వదినగారూ" అని సూర్యప్రభ రోజూ అంటుంది. అండాలమ్మ రోజూ నవ్వుతుంది.

రామస్వామి ముప్పై ఏళ్ళకు పైగా హయత్‌నగర్ డిపోలో సిటీ బస్సు నడిపాడు. పాత బళ్ళలో ఇంజను డ్రైవరుకు ఎడమ పక్కనే, బానెట్ కింద ఉండేది. అన్నేళ్ళు దాని పక్కన ఉడికిన కాలిలోకి వేడి ఎక్కి కూర్చుంది. ఆయన రిటైరై సన్మానం చేయించుకుని ఇంటికి వచ్చినా అది మాత్రం దిగలేదు. కుడి కాలు అందరి కాళ్ళలాంటిదే. సందులో ఎవరూ దీన్ని ఒక వింతగా చెప్పుకోరు. ఒక ఇంటి బోరులో నీళ్ళు తియ్యగా పడతాయి, ఇంకో ఇంట్లో ఉప్పగా పడతాయి. ఇదీ అంతే అనుకుంటారు.

వచ్చిన చిక్కల్లా ఆ కాలు ఆయన్ని పగలు ఒకచోట కూర్చోనివ్వదు. టిఫిన్ తిన్నాడంటే బస్సెక్కి డిపోకి పోతాడు. అక్కడ చాయ్ తాగి, కుర్ర డ్రైవర్లకు అడగని సలహాలన్నీ ఇచ్చి, పొద్దుగూకే వేళకు వస్తాడు. అండాలమ్మ ఇంట్లో ఒక్కతే తన కోడిపెట్టతో మాట్లాడుకుంటూ ఉంటుంది.

ఆ పెట్ట మామూలు పెట్ట కాదు, కనీసం ఆమె లెక్కలో కాదు. నల్గొండ పక్క పల్లెలో ఆమె తల్లి పెంచిన కోళ్ళ సంతతి అది. బూడిదరంగు ఒళ్ళు, మెడ చుట్టూ ఎర్రటి ఈకలు. పట్నానికి కాపురం వచ్చేటప్పుడు తల్లి ఒక జతను గంపలో పెట్టి ఇచ్చింది. ఆ తల్లి లేదు, ఆ ఊళ్ళో ఆ జాతి కోళ్ళూ లేవు. ఇక్కడ మాత్రం మెట్ల కింద తరం వెనక తరం సాగుతూ వచ్చాయి. మొన్న కార్తీకంలో, పుంజు తెల్లారకముందే కూస్తోందని సందులో వాళ్ళు గోలపెడితే, దాన్ని నాదర్‌గుల్‌లో ఉండే మరిది ఇంటికి పంపించింది. పాపం జాగ్రత్తగా చూసుకోమనే చెప్పింది. వాళ్ళు ఆదివారం దాకా జాగ్రత్తగానే చూసుకున్నారు.

కాబట్టి మిగిలింది పెట్టా, అది పొదుగుతున్న గుడ్లూ. డిసెంబరు చలి పళ్ళు పటపటలాడిస్తున్న ఒక ఉదయం, గుడ్ల మీద నుంచి నాలుగు గింజలు తినడానికి దిగిన పెట్టను వీధికుక్క ఎత్తుకుపోయింది. గుడ్లు పొదగాల్సిన రోజుల్లో అప్పటికి సగమే అయ్యాయి. అండాలమ్మ చీపురు పట్టుకుని సందు మొదటి దాకా పరిగెత్తింది గానీ ఆమెకు దొరికినవి ఎర్రటి ఈకలే.

"పరేషాన్ గాకు. జర ఆగు" అని రామస్వామి చెప్పులేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. పోయి, పండ్ల దుకాణంలో థర్మాకోల్ పెట్టె, కరెంటు సామాన్ల దుకాణంలో ఒక బల్బు కొనుక్కొచ్చాడు. డిపోలో ఎవరో చెప్పారట, బల్బు వేడికి పిల్లలు లేస్తాయని. పెట్టెలో ఊక పోసి, గుడ్లు పేర్చి, బల్బు వేలాడదీసి స్విచ్ వేశాడు. పెట్టె పెళ్ళి మండపంలా వెలిగిపోయింది. భార్యాభర్తలు దాన్ని చాలాసేపు మురిపెంగా చూశారు. పెట్టె మీద మూత వేసి భోజనాలు చేశారు.

మధ్యాహ్నం సూర్యప్రభ వచ్చి మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, బల్బును పట్టుకుంది.

"అయ్యో అన్నయ్యగారూ! ఇది ఎల్ఈడీ బల్బండీ. వెలుతురు ఇస్తుందిగానీ వేడి ఎక్కడిదండీ దీనికి? పాతకాలం పసుపు బల్బు కావాలి. అవిప్పుడు దొరకట్లేదు కూడాను."

అండాలమ్మ ఒక గుడ్డు తీసి చెంపకు ఆనించుకుంది. చల్లగా తగిలింది. గుడ్డును తిరిగి పెట్టెలో పెట్టి, వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. అమ్మ చేతి గంపలో నుంచి వచ్చిన జాతి తన చేతుల్లో ఆగిపోతోంది. భర్తను అడగాలని మాత్రం తోచలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని ఇంట్లో ఉండమని ఆమె ఎన్నడూ అడిగింది లేదు, డ్యూటీ మనిషిని ఏమని అడుగుతుంది?

కుళాయి ఆపి బయటికి వచ్చేసరికి రామస్వామి పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాత పంచెను చింపి ఎడమ తొడ చుట్టూ ఒడిలా కట్టుకున్నాడు.

"ఇటు తే గుడ్లు" అన్నాడు.

"నువ్వా? నువ్వు ఒక్క గంటన్న కూసుంటవా?"

"బల్బు తెచ్చింది నేనే గదా. తే అంటున్న."

సూర్యప్రభ తన ఫోను లైటు వేసి ఒక్కొక్క గుడ్డునే దానికి ఆనించి చూసింది. ఎర్రటి నరాల మధ్య నల్లటి చుక్క ఒకటి కదిలింది. దాదాపు అన్నిట్లోనూ కదిలింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

అలా రామస్వామి రాత్రనక పగలనక గుడ్లు పొదుగుతూ కూర్చున్నాడు. పొద్దునా సాయంత్రం అండాలమ్మ గుడ్లను అటుదిటు తిప్పేది, గుడ్డ ఆరిపోకుండా గోరువెచ్చని నీళ్ళు చిలకరించేది. ఆయన బాత్రూముకు లేస్తే గుడ్లను శాలువాలో చుట్టి హాట్ ప్యాకులో పెట్టి, తలుపు దగ్గర నిలబడి తొందర చేసేది. ఆ రోజుల్లో ఎవరి పెరుగూ తోడుకోలేదు. సూర్యప్రభ ప్యాకెట్ పెరుగు కొనుక్కుంది. నాగేశ్వరి ఇంట్లో దోశలు మానేసి ఉప్మాతో సరిపెట్టుకున్నారు. ఒక్కరూ గొణగలేదు. రామస్వామి కూడా కదలకుండా కూర్చుని ఇంటిని చూడటం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుందో, భార్య పప్పు ఏరుతూ ఏ పాట కూనిరాగం తీస్తుందో ఆయనకు ఇప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం గుడ్లు తిప్పుతుంటే అండాలమ్మ చేతికి ఆయన పాదం తగిలింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. పిక్క పట్టుకు చూసింది. అదీ చల్లబడుతోంది. వేడి మోకాలి పైన మాత్రమే మిగిలింది.

"ఏందయ్యా గిది? నీ వేడి గుడ్లల్లకు పోతుంది!"

"నాకెర్కే. నాలుగు రోజులాయె."

"మరి చెప్పవా? లే, లేచి నడువు. పోతే పోనీ గుడ్లు. గా వేడి నీది."

ఆమె పంచె ముడి విప్పబోతే ఆయన చేత్తో అడ్డుకున్నాడు. ఆ కాలు చల్లబడితే పొద్దున్నే తలుపు తట్టేవాళ్ళుండరు. ఈ సందులో ఆయన రిటైరైన డ్రైవర్ల లెక్కలో ఒకడైపోతాడు. అది ఇద్దరికీ తెలుసు.

"అండాలు, ఇన్నేండ్లు నేను తిరిగిన. ఇంట్ల కూసున్నది నువ్వు" అన్నాడు. "పిలగాండ్ల జరం, ఇంటి కిరాయి, మీ అమ్మ దవాఖాన, ఏదీ నాకు తెల్వనియ్యలే. ఇప్పుడు జర నన్ను కూసోనీ."

అండాలమ్మ ముడి మళ్ళీ గట్టిగా బిగించింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది.

సంక్రాంతి ముగ్గులు ఇంకా మొదలుకాని ఒక పొద్దున రామస్వామి కుర్చీలో నుంచి కేక పెట్టాడు. "అండాలు! దా, జల్ది! లోపల్నించి డబుల్ బెల్ కొడుతున్రు!"

నిజంగానే, బండి పోనిమ్మని కండక్టరు కొట్టే గంటలా టక్‌టక్‌మని చప్పుడు. గుడ్డ తీసి చూస్తే ఒక పెంకు మీద చిన్న నెర్రె, అందులో నుంచి ముక్కు కొస. తరువాత ఇంకొకటి, ఆ వెనక మరొకటి. తడిసిన బూడిద ముద్దలు ఒక్కొక్కటే ఆయన తొడ మీదికి దొర్లాయి. ఆరుతున్నకొద్దీ మెడల చుట్టూ ఎర్రటి నూగు కనిపించింది. ఒక్కటి మాత్రం లేవలేదు. మిగతావన్నీ లేచాయి. ఒక్కో పిల్ల పెంకు వదిలినప్పుడల్లా రామస్వామికి ఒళ్ళు చిన్నగా జలదరించింది.

సందంతా వచ్చి చూసింది. సూర్యప్రభ ఒక పిల్లను దోసిట్లో పెట్టుకుని, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో!" అంది. తరువాత ఆయన పాదం వైపు చూసి అర్థం చేసుకుంది. పైకి పోయి, పొగలు కక్కే పెసరట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్ళూ మా ఇంట్లో పెరుగన్నం మీ పుణ్యమేనండీ అన్నయ్యగారూ. రేపట్నుంచి టిఫిన్ మా ఇంటి నుంచి వస్తుంది. కాదనకండి."

"అయ్యో, ఎందుకు చెల్లె" అంటూనే ఆయన తినేశాడు.

అందరూ వెళ్ళాక పిల్లలు గంపలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి. దీపం అవసరం లేకుండానే గంప చుట్టూ నేల వెచ్చగా ఉంది. రామస్వామి కుర్చీ వదిలి గడప మీదికి వచ్చి కూర్చున్నాడు. డిపో బస్సు వేళ దాటిపోయినా ఆయన గోడ గడియారం వైపు చూడలేదు.

"సలి పెడుతుంది" అన్నాడు మెల్లగా. అండాలమ్మ ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఆమె ఎప్పటిలాగే ఆయనకు కుడి పక్కన కూర్చోబోయింది. పెళ్ళయిన ఏడాదికే ఆయన బండెక్కాడు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో ఫొటోలకు నిలబడినా, దవాఖాన బెంచీ మీద కూర్చున్నా, ఆ కాలి సెగ తగలకుండా ఆమెది కుడి పక్కే.

"గిటు దా" అన్నాడు రామస్వామి ఎడమ పక్క గడపను చేత్తో తుడుస్తూ. "ఇప్పుడేం కాదు."

అండాలమ్మ అటు వెళ్ళి కూర్చుంది. అమ్మ కోళ్ళు బతికాయి. వాటిని బతికించిన మనిషి పక్కన ఉన్నాడు. ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియనంత నిండుగా ఉంది ఆమె మనసు. భయం భయంగానే ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. మామూలు మోకాలు, కొంచెం చల్లగా ఉంది. ఆమె రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రాసి, దాన్ని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.