మూడు చుక్కల గుర్తు

అప్పలసూరి రెండు చక్రాలూ ఊడదీసి వరండా గోడకి ఆనించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ముందు చక్రం ఫర్వాలేదు, తుప్పు తప్ప వేరే రోగం లేదు. వెనక చక్రమే చూడలేకుండా ఉంది. రిమ్ము వేయించిన అప్పడంలా వంకర తిరిగిపోయింది. స్పోకులు సగం ఊడి వేలాడుతున్నాయి.

అరవై ఆరు నాటి జావా మోటారుసైకిలు అది. భిలాయి స్టీలు ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో పాతబండే కొని, ఒక్కొక్క ముక్కా విప్పి, తన చేతుల్తోనే మళ్లీ నిలబెట్టుకున్నాడు. ఏటా విశ్వకర్మ పూజకి షాపు ముందు దండ వేయించుకుని పెళ్లికొడుకులా నిలబడేది. తొంభై ఐదులో షెడ్డులోకి వెళ్లింది, మళ్లీ వెలుగు చూడలేదు. ఈ ఏడు రుఆబాంధా సెక్టారులో ఉన్న రిటైరైనవాళ్లంతా పూజకి పాత బండ్లన్నీ వరసగా నిలబెడదామన్నారు. పదిమందిలో మొహమాటపడి ఊఁ కొట్టేశాడు అప్పలసూరి. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు.

ఎందుకు సయిస్తుంది? తొంభై ఐదులో ఓ రోజు, భిలాయి పక్కనున్న ఉతై ఊళ్లో, తోటి ఫిట్టరు ఇంట్లో విందు. రెండు గ్లాసుల ఇప్పసారా పుచ్చుకుని, భార్య నూకమ్మని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఊరు దాటాక వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి బండి పడిపోయింది. అతనికి మోచెయ్యి గీరుకుంది, అంతే. నూకమ్మ కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

ఆ కాలు తొక్కిన కుట్టు మిషను మీదే సెక్టారులో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు తయారయ్యేవి. రాడ్డు వేశాక పాదం పెడలు మీద నిలవలేదు. అతను మోటారు కొనుక్కొచ్చి బిగిస్తే, "ఇది నా మాట ఇన్దు" అని నూకమ్మ మూడు రోజులకే మిషను మీద గుడ్డ కప్పేసింది.

తాగి పడేశాడన్నారు అందరూ. అప్పలసూరీ అదే అన్నాడు. ఆనాటి నుంచి గ్లాసు ముట్టలేదు, బండి హ్యాండిలు పట్టలేదు. రోజూ దీపాలవేళ నువ్వులనూనె గిన్నె పక్కన పెట్టుకుని పెళ్లాం కాలు పడతాడు. వంగినా తన చెయ్యి చీలమండ దాకా అందదని ఆవిడ మొదట్లోనే చెప్పింది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఒక్క పూట మానలేదు. పాపం కడుక్కోవడానికి కాశీకి వెళ్లేవాళ్లుంటారు. ఇతని కాశీ ఆ కాళ్లపీట దగ్గరే ఉంది.

చక్రాన్ని విప్పే ముందు గుర్తు వెయ్యాలి. షాపులో మొదటి రోజు నేర్పే పాఠం అదే. ఏది దేనికి ఎదురుగా ఉందో పంచి అనే ఇనప మొనతో చుక్కలు కొట్టి పెట్టుకుంటే, మళ్లీ బిగించేటప్పుడు ఎక్కడిది అక్కడ కూర్చుంటుంది. ఒకే పని మీద ఇద్దరి చేతులు పడతాయి కనక ఎవరి గుర్తు వారిది. అప్పలసూరిది రెండు చుక్కలు. పక్క బెంచీ దుర్గారావుది మూడు చుక్కలు, పొయ్యిరాళ్లలాగా. ముప్పై ఏళ్ల పైన కొట్టిన చేతులు కదా, ఇంట్లో ఫ్యాను విప్పినా ముందు చుక్కలు పడాల్సిందే. కుక్కరు మూత మీద కూడా కొట్టాడని దుర్గారావుని వాళ్లావిడ తిట్టిపోసేది.

అప్పలసూరి కిరసనాయిల్లో గుడ్డ ముంచి, చక్రం మధ్యలో ఉండే హబ్బుని రుద్దాడు. గ్రీజు వదిలి ఇనుము బయటపడింది. తన రెండు చుక్కలూ కనబడ్డాయి. పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వుకున్నాడు. ఇంకాస్త రుద్దాడు. వాటి పక్కన, అరంగుళం దూరంలో, మూడు చుక్కలు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. రిమ్ము లోపలి రబ్బరు పట్టీ లాగి చూశాడు. అక్కడా మూడు చుక్కలే.

ఈ చక్రాన్ని తను తప్ప ఎవరూ విప్పలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. స్పోకులన్నీ ఒక్కొక్కటే తీసి గచ్చు మీద పరిచాడు. ముప్పై ఆరింటిలో ఐదు మిగతావాటి కంటే పొట్టివి, వేరే బండివి. వాటి చివరి మరలు రిమ్ము దగ్గరి నట్టుల్లోకి రెండు చుట్లు కూడా ఎక్కి ఉండవు. ఇద్దరి బరువు పడేసరికి ఐదూ ఊడొచ్చాయి. మిగతావి వాటి వెనకే విరిగి, చక్రాన్ని పట్టేశాయి. ఆ పూట బండెక్కినవాడు గంగాజలం తాగి ఎక్కినా పడి తీరాలి.

"నాను కాదు," అన్నాడు పైకే. వరండాలో ఎవరూ లేరు. ఛాతీ మీంచి బండరాయి దించినట్టయింది. ఆ తేలిక మాత్రం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. విరిగిన బండిని ఉతై దారిలోంచి టెంపోలో తెచ్చింది దుర్గారావు. షెడ్డులో పెట్టి, టార్పాలిను కప్పి, తాడు కట్టిందీ అతనే. "సూడకురా, మనసు పాడవుద్ది" అన్నాడు. ఆ మాటకే అప్పలసూరి అతన్ని పట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు పది రోజులుగా, ఆ పాత ఇనుము కబాడీవాడికి ఇచ్చేయమని ఒకటే పోరు పెడుతున్నదీ అతనే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట!

నాలుగింటికి రోజూలాగే దుర్గారావు టీకి వచ్చాడు. గచ్చు మీద పరిచిన స్పోకులు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏటిరా, మొత్తం ఇప్పీసేవా?"

అప్పలసూరి హబ్బు తీసి అతని చేతిలో పెట్టాడు. "ఈ గుర్తెవలిది?"

దుర్గారావు కిందికి చూడలేదు. బొటనవేలు మాత్రం దానంతటదే వెళ్లి మూడు చుక్కల మీద ఆగింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ముందురోజు బండి అడిగి పట్టుకెల్లేను గదా. పవర్ హౌస్ కాడ గోతిలో పడీసింది. ఐదు స్పోకులు ఇరిగిపోనాయి. నీకు తెలిస్తే సంపేత్తావని, దొరికినియ్యేవో ఏసి బిగించీసేను. రెండ్రోజుల్లో మంచియ్యి తెచ్చి మార్చీద్దారనుకున్నాను యార్. మర్నాడే చెల్లెమ్మని ఎక్కించుకోని ఉతై ఎల్తావని నాకేటి తెల్సు?"

"దొంగపని సేస్తా గుర్తెందుకు కొట్టేవురా?"

"అలవాటు," అన్నాడు దుర్గారావు, తల వంచుకుని.

దొంగతనానికి వెళ్లి సంతకం పెట్టి రావడం మెషిన్ షాపు మనిషికే చెల్లింది. ఇంకో రోజైతే ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లు.

"ఇరవై తొమ్మిదేళ్లురా! నా ఇంట టీ తాగుతా, నాను ఆ కాలు పడతంటే సూస్తా, నీకు నోరెలా రాలేదురా?"

"నోరు రాక కాదురా. ఆర్నెల్లకే సెప్పీసేను."

"ఎవలికి?"

దుర్గారావు వంటింటి గుమ్మం వైపు చూశాడు. "చెల్లెమ్మకి. కాళ్ల మీద పడి సెప్పేను. సూరిగాడికి కూడా సెప్పీమంటావా అంటే, ఒద్దన్నయ్యా, సెప్పనని ఒట్టెయ్యి అన్నాది."

అప్పలసూరి కొట్టలేదు, అరవలేదు. "పో" అన్నాడు. దుర్గారావు హబ్బుని జాగ్రత్తగా కింద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పలసూరి ఆ స్పోకుల మధ్యనే కూర్చుండిపోయాడు. దీపాలవేళకి నూకమ్మ గోడ పట్టుకుని నూనె గిన్నెతో వచ్చింది. మాటలన్నీ విన్నట్టు ఆవిడ మొహమే చెబుతోంది.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే." నూకమ్మ కుర్చీలో కూర్చుంది. "నువ్వేటి మనిషివో మరిసిపోనావా? షిఫ్టు దిగి ఏ రోజైనా నిలకడగా ఇంటికొచ్చేవా? నీ బండి సప్పుడింటే కల్యాణి మంచం కిందకి దూరిపోయీది. ఉన్న ఒక్క కూతురు, తండ్రిని సూసి వణికీది. నా కాలు ఇరిగింది, దాంతోపాటు నీ తాగుడూ పోనాది. తప్పు నీది కాదని తెలిస్తే మర్నాడే మళ్లీ గ్లాసు పట్టీవోడివి."

"ఏడాది పోయేక సెప్పొచ్చు. పదేళ్లు పోయేకైనా సెప్పొచ్చు గదే!"

"అప్పటికి అలవాటైపోనాది."

"దేనికి?"

నూకమ్మ చీర కుచ్చెళ్లు మోకాలి పైకి సర్దుకుంది. "నువ్విలగుండడానికి," అంది.

దుర్గారావుది పిరికితనం. దాన్ని నోరారా తిట్టొచ్చు. ఈవిడ మాటలో న్యాయం ఉంది, అందుకే అతనికి ఒళ్లు మండిపోయింది. తాగుడు మానిన మాట నిజం. కల్యాణి చదువుకుని, తండ్రి పక్కన కూర్చుని కబుర్లు చెప్పే పిల్ల అయిన మాటా నిజం. తన మనసుని తనే గెలిచానని అప్పలసూరి ఇన్నేళ్లూ లోలోపల గర్వపడ్డాడు. తీరా చూస్తే ముక్కుతాడు ఉంది, దాన్ని పట్టుకున్న చెయ్యి ఈ ఇంట్లోనే ఉంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇరవై తొమ్మిదేళ్లు రోజూ ఆ కాలు దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. కుర్చీలో కూర్చుని పైనుంచి చూస్తున్న మనిషికి అతని తప్పు లేదని తెలుసు. తెలిసే కాలు చాపింది.

ఇప్పుడూ చాపింది, అలవాటు కొద్దీ, పీట మీదకి. నూనె గిన్నె ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది. అప్పలసూరి తన చేతులు చూసుకున్నాడు. గ్రీజుతో నల్లగా ఉన్నాయి. కడుక్కోవడానికి లేవలేదు.

"పూజకింకా నాలుగు రోజులున్నాది," అంది నూకమ్మ, గొంతు తగ్గించి. "అంతా ఇప్పీసేవు. మళ్లీ బిగించగలవా?"

"చక్రమైతే బిగించగల్ను," అన్నాడు.

నూకమ్మ ఇంకాసేపు చూసింది. అతను కదల్లేదు. చివరికి తనే గిన్నె దగ్గరికి లాక్కుని, రెండు వేళ్లు నూనెలో ముంచి, ముందుకి వంగింది. మోకాలి కింద మొదలుపెట్టి మెల్లగా రుద్దుకుంటూ పోయింది. చెయ్యి చీలమండ దాకా బాగానే అందింది.