కారణం రాయవలసిన గడి

రెయ్‌వా ఆరో సంవత్సరం, అంటే 2024, నవంబరు పద్నాలుగు, గురువారం. మధ్యాహ్నం రెండు దాటి ఇరవై నిమిషాలు. త్సురుఓకా ఊరి చివర, ఓతాకి వారి ఇంటి ముందుగదిలో ఆ వేళ ఉన్నవారు నలుగురు. ఇంటి కోడలు సుమియె, యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె అత్తగారు తోయొ, ఎనభై ఏడేళ్లది. ఎనిమిదో నెల నిండి పురిటికని పుట్టింటికి వచ్చిన రెండో కూతురు నగిస. విశ్వవిద్యాలయంలో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద సాగుతున్న పరిశోధన తరఫున వచ్చిన నర్సు ఇగరాషి. పెద్ద కూతురు కనయె సెందాయిలో ఉద్యోగం చేస్తోంది కనుక రాలేదు. ఆమె బదులు ఆమె బొడ్డుతాడు దాచిన చిన్న చెక్కపెట్టె, చెల్లెలి పెట్టె పక్కనే, బల్లమీద కూర్చుంది.

ఇగరాషి తెచ్చిన మిఠాయిల పెట్టెను చూడగానే సుమియె కీడు శంకించింది. జూన్‌లో మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ తెచ్చినది ఆరు బిళ్లల పొట్లం. ఈసారి ఇరవై నాలుగు. పైన దుకాణం వాళ్ల తెల్లకాగితం, దానిమీద దారం. రెండు చేతులతో ముందుకు జరిపి తల వంచింది. శుభవార్త చెప్పేవాళ్లు ఇంత పెట్టె మోసుకురారు. క్షమాపణకే అంత బరువు ఉంటుంది.

సుమియెకు కావలసినది ఒక్క జవాబు. నగిసకు ఎడమ చెవి వినబడదు. మూడేళ్ల వయసులో చేసిన పరీక్షలో ఆ సంగతి బయటపడ్డ నాటినుంచి, అది తన కడుపులో ఉండగానే జరిగిందా, తనవల్లే జరిగిందా అన్న ప్రశ్న ఆమెను విడిచిపెట్టలేదు. నగిస కడుపున పడ్డ అయిదో నెలలో సుమియె తండ్రి పోయాడు. అక్కడి నమ్మకం ప్రకారం కడుపుతో ఉన్నది శవం దగ్గరికి వెళ్లవలసివస్తే నడికట్టులో అద్దం దోపుకుని వెళ్లాలి. అద్దం ముఖం బయటికి ఉండాలి. చావు చూపు దానికి తగిలి వెనక్కి మళ్లాలి. సుమియె అద్దం దోపుకునే వెళ్లింది. అయితే ఏడుపులో, హడావిడిలో, దాన్ని ఏ వైపుకు తిప్పి పెట్టుకుందో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. "లోపలికే తిప్పి ఉంటావు" అని, చెవి సంగతి తెలిసిన నాడే తోయొ తీర్పు చెప్పేసింది. సుమియె చదువుకున్నదే. అద్దానికీ చెవికీ పొత్తు లేదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన ముల్లు గుచ్చుకోవడం మానుతుందా?

అందుకే జూన్‌లో ఇగరాషి చెప్పిన మాటలు ఆమె చెవులప్పగించి విన్నది. గర్భిణికి సోకే వైరస్ ఒకటి ఉంది. తల్లిని జలుబుపాటి కూడా బాధించదు. కొందరు పిల్లలకు మాత్రం వినికిడి లేకుండా చేస్తుంది. అది కడుపులోనే సోకిందా, తర్వాత సోకిందా అన్నది పెద్దయ్యాక రక్తం చూసి చెప్పలేరు. పుట్టిననాటి వస్తువేదైనా ఉంటే చెప్పగలరు. పుట్టిననాటి వస్తువు ఏ ఇంటి అల్మరాలో లేదు? ఎండి ముడుచుకున్న బొడ్డుతాడును దూదిలో చుట్టి, బిడ్డ పేరూ తేదీ రాసిన చీటీ పెట్టి, తల్లులు దాచుకుంటూనే ఉన్నారు. పోల్చి చూసేందుకు అక్కదీ, అసలు ప్రశ్న తేల్చేందుకు చెల్లెలిదీ, బియ్యపుగింజంత ముక్క చొప్పున కోసి, తల్లీకూతుళ్లు ముగ్గురి లాలాజలమూ తీసుకుని ఇగరాషి వెళ్లింది. ఆ తర్వాత అయిదు నెలలు సుమియె తపాలా పెట్టె చుట్టూ తిరిగింది.

"ముందుగా మీరంతా మమ్మల్ని క్షమించాలి," అంది ఇగరాషి. "నగిస గారి పెట్టెలోని ముక్కలో వైరస్ లేదు."

లేదు. అంటే కడుపులో జరగలేదు. సంతోషం రావలసిన క్షణమే అది. కానీ మిఠాయిల పెట్టె దానికి అడ్డంగా కూర్చుంది.

"అయితే ఆ ముక్క నగిస గారిది కాదు."

"ఎవరిది మరి?"

"కనయె గారిది. కనయె గారి పెట్టెలోదీ ఆవిడదే. రెండు పెట్టెల్లోనూ ఒక్క మనిషే ఉన్నారు. మా ప్రయోగశాలలో కలిసిపోయాయేమోనని మూడుసార్లు చేయించాం. మూడుసార్లూ అదే వచ్చింది."

నగిస అలవాటుగా కుడి చెవి ముందుకు తిప్పి వింటోంది. "అయితే నేనెవర్నమ్మా? నన్నెక్కణ్ణుంచి తెచ్చావే? సంతలో చేపలు కొంటే కొసరు వేశారా?"

"ఊరుకోవే, ఇప్పుడా నీ వెటకారం!"

"అయ్యో, అలాంటిదేం లేదండీ," అంది ఇగరాషి కంగారుగా. "లాలాజలంలో స్పష్టంగా తేలింది. మీరు ఈవిడ కన్నబిడ్డే. ఆ బొడ్డుతాడు మాత్రం మీది కాదు."

సుమియె మనసులో లెక్క కుదరలేదు. కనయె పుట్టింది హెయ్‌సెయ్ అయిదులో, అంటే 1993లో, ఈ ఊరి మంత్రసాని ఇంట్లో. నగిస ఎనిమిదో సంవత్సరంలో, ఆసుపత్రిలో. మూడేళ్ల ముందు ఊడిన బొడ్డు మూడేళ్ల తర్వాత పుట్టిన పిల్ల పెట్టెలోకి ఎలా నడిచివెళ్తుంది? ఆమె రెండు మూతలూ తీసింది. రెండు చీటీల మీదా తన భర్త దస్తూరీయే. రెండు దూదిపొత్తుల్లోనూ ఎండిన అల్లం కొమ్ముల్లాంటి నల్లని ముక్కలు. జూన్‌లో ఒక్కోదాన్ని విడివిడిగా తీసి చూపించింది తప్ప, పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు చూసింది. ఇగరాషి గింజంత ముక్క తీసుకున్నది కొసనుంచి. రెండో చివర రెండింటికీ సాఫుగా ఉంది. దానంతటది ఊడిన బొడ్డు అలా ఉండదు. చివరలు దగ్గరికి చేర్చితే ఒకదాని ముడత రెండోదాని ముడతలోకి నడిచింది.

"ఎవరో కత్తితో కోశారు," అంది సుమియె.

"ఎప్పుడైనా... మీరే... ఏదో అవసరానికి...?" ఇగరాషి వాక్యాన్ని పూర్తి చేయలేదు.

లేదు అని చెప్పబోయి సుమియె ఆగింది. అద్దాన్ని ఎటు తిప్పిందో గుర్తులేని మనిషి, కత్తి పట్టలేదని మాత్రం ఎలా ప్రమాణం చేస్తుంది? తానే కోసి మరిచిందేమో. అనుకుంటూ ఉండగానే చేతిలో కత్తి పిడి స్పర్శ కూడా గుర్తుకొచ్చినట్టు అనిపించసాగింది.

ఇంతసేపూ తోయొ కిటికీ వారగా కూర్చుని పెర్సిమన్ పండ్ల వగరు తీస్తోంది. పండు తొడిమను చిన్న పళ్లెంలోని సారాయిలో ముంచడం, సంచిలో పేర్చడం, ముంచడం, పేర్చడం. వారం మూతికట్టి ఉంచితే వగరు చచ్చి తీపి తేలుతుంది. ఆ చేతులు ఆగాయి. ముంచిన పండు మోకాలిమీద బొట్లు బొట్లుగా కారుతుంటే ముసలమ్మ దాన్ని తిరిగి బుట్టలో పెట్టి, గోడ పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నగిసకు కుడివైపున చతికిలబడింది. ఇన్నేళ్లుగా ఆమె మనవరాలికి ఎడమవైపే కూర్చుంటూ వచ్చింది. తోయొకు చాదస్తమని అంతా అనుకునేవారు.

"నేనే కోశా," అంది.

తర్వాత కోడలి వైపు తిరిగింది.

"హెయ్‌సెయ్ పదకొండు, ఫిబ్రవరి, దీనికింకా మూడేళ్లు నిండలేదు. నువ్వు సకాతా ఆసుపత్రిలో మీ అమ్మ దగ్గరున్నావు, తుంటి విరిగిందని. మంచుకి రెండ్రోజులు రైళ్లు లేవు. నీ మొగుడేమో పనిమీద ఊళ్లో లేడు. ఈ పిల్లకి జ్వరం కొలిస్తే నలభై డిగ్రీలు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు బయల్దేరాడు, వంతెన దగ్గర కారు కూరుకుపోయిందని కబురొచ్చింది. పిల్ల కళ్లు పైకి తిప్పేస్తోంది. మా అమ్మ చెప్పేది, బిడ్డ ప్రాణమ్మీదికొస్తే దాని బొడ్డే దానికి మందు, కాచి పట్టించమని."

"పట్టించారా?" అంది సుమియె.

"పట్టించా. మర్నాటికి చెమట పట్టింది. గంజి పెట్టమని అడిగింది."

"నానమ్మా!" నగిస పొట్టమీద చెయ్యి వేసుకుని నవ్వాపుకోలేకపోయింది. "నన్ను నాకే వండిపెట్టావా? ఉప్పయినా వేశావా?"

"ఉప్పెందుకే, సూపా అది?" తోయొ కసిరింది. "పెట్టె ఖాళీ అయిపోయింది. మీ అమ్మొచ్చి మూత తీస్తే ఏం చెప్పను? అక్కది సగం కోసి ఇందులో పెట్టా. అక్కచెల్లెళ్లేగా, పరాయి సరుకా ఏంటి?"

"మరి ఇన్నేళ్లూ అద్దం, అద్దం అని నన్ను పొడుచుకు తిన్నారే అత్తయ్యా!"

తోయొ సారాయి వాసన వేసే వేళ్లను ఒళ్లో తుడుచుకుంది. "ఆ జ్వరం తర్వాతేగా చెవి సంగతి బయటపడింది. ఆ కషాయమే చేసిందేమో అనుకున్నా. ప్రాణం దక్కించినందుకు దేవుళ్లు చెవి పట్టుకుపోయారేమో అనుకున్నా. ఎవరో ఒకరి నెత్తిన పెట్టకపోతే నాకు తిండి దిగేది కాదు. నీ అద్దం చేతికందింది."

"నగిసకైనా చెప్పి ఉండాల్సింది."

"చెప్పా. బోలెడుసార్లు చెప్పా. ఆ చెవిలోనే చెప్పా."

నగిస నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ నానమ్మ ఎడమవైపు వంగి ఏదో గొణగడం, బుగ్గకు వెచ్చగా ఊపిరి తగలడం ఆమెకు తెలుసు. ప్రార్థన అనుకునేది.

ఇగరాషి చేతిలో కలం ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఆవిడ ఉద్యోగం ఆవిడది. "బామ్మగారూ, ఆ జ్వరంలో చెంపలు వాచాయా? గవదబిళ్లలైతే ఒక్క చెవే పోవడం కద్దు. కషాయానికి చెవి పోదు."

"మొహమంతా ఎర్రగా ఉంది. వాచిందో లేదో ఏం చెప్పను? అసలే పూరీలా ఉండేది."

"ఎవరు పూరీ?" అంది నగిస. కానీ ఆ మాటలో బలం లేదు.

సుమియె లేచి, పిల్ల ఎదుగుదలా టీకాలూ నమోదు చేసే తల్లీబిడ్డల పుస్తకం తెచ్చింది. గవదబిళ్లల టీకా గడి ఖాళీ. ఏడాదిన్నర పేజీలో "వెనకనుంచి పిలిస్తే తిరుగుతుందా?" అన్నచోట "అవును" అని తన చేతిరాతే. ఒక చెవి ఉన్నా తిరుగుతుంది, రెండున్నా తిరుగుతుంది. మూడేళ్ల పేజీలో "ఎడమ చెవి" అని ఎర్రసిరా. నడుమ ఉన్న ఏడాదిన్నరలో ఆ చెవి ఎప్పుడు మూసుకుందో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు.

"అయితే కడుపులోనా? జ్వరంలోనా?" అని అడిగింది.

"తెలియదండీ," అంది ఇగరాషి. "తేల్చగలిగింది ఆ ముక్క ఒక్కటే." నగిస వైపు తిరిగి, "మీ బిడ్డకైతే పుట్టిన నాలుగైదు రోజుల్లోనే చెవుల పరీక్ష చేస్తారు. దానికి ఇదేం అక్కర్లేదు. మీరు దిగులు పెట్టుకోకండి," అంది.

నగిస తల ఊపింది. సుమియె మాత్రం అత్తగారి వేళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. కోపం తెచ్చుకుందామంటే, ఆ వేళ్లే ఆ రెండు రోజులూ పిల్లను ఒళ్లోంచి దించలేదు. కృతజ్ఞత చెప్పుకుందామంటే, ఆ నోరే తనను పాతికేళ్లు ముద్దాయిని చేసింది. కషాయం ప్రాణం నిలిపిందా, జ్వరం తనంతట తనే దిగిందా? సాక్షి ఒక్కడే, ఆ సాక్షిని కూతురు తాగేసింది. ఎవరి తరఫున బాధపడాలో, ఎవరిని క్షమించాలో ఆమెకు ఒక పట్టాన తోచలేదు.

ఇగరాషి సంచిలోంచి ఒక పత్రం తీసింది. నగిస పెట్టెలోని ముక్కను నగిస పేరుమీద పరిశోధనలోంచి తొలగించాలి. పెట్టెలు దాచిన తల్లి సంతకం చేయాలి. కింద కారణం రాయవలసిన గడి ఉంది. అచ్చువేసిన మాటలు మూడే: పోయినది, పాడైనది, ఇతరము.

"ఇతరము దగ్గర గుర్తు పెట్టి, పక్కన రెండు మాటలు రాస్తే చాలు."

"తాగింది అని రాసెయ్యి," అంది తోయొ.

"తాగించారు అని రాయాలి," అంది నగిస. "నేనేం అడిగి తాగలేదు."

"మందుకింద వాడారు అనొచ్చండీ," అంది ఇగరాషి, తానూ ఈ ఇంటి మనిషైపోయినట్టు. వెంటనే నాలిక కరుచుకుంది. "మీ ఇష్టం."

సుమియె కలం అందుకుంది. కత్తి పట్టింది తాను కాదు. ఆ రోజు ఊళ్లో కూడా లేదు. అలాగని ఒక్కరి పేరు ఆ గడిలో రాస్తే, ఆ పేరు ఎక్కడో విశ్వవిద్యాలయం అల్మరాలో ఎన్నేళ్లుంటుందో! గడి చిన్నది. చాలాసేపు ఆలోచించి చిన్న అక్షరాలతో రాసింది: "అవసరమై ఇంట్లో వాడుకున్నాం."

"ఏం రాశావే?" తోయొ కళ్లద్దాలు లేని కళ్లు చికిలించింది.

"అద్దం లోపలికి తిప్పానని రాశాను."

తోయొ మూతి బిగించింది. బుట్టకేసి చూసింది. తర్వాత ఎవరితోనూ కానట్టు అంది: "బయటికే తిప్పావు. ఆ రోజు నీ నడికట్టు విప్పింది నేనేగా. చూశాను."

సుమియె అత్తగారి ముఖంలోకి చూసింది. అది పాతికేళ్లు దాచిన నిజమో, ఇప్పటికిప్పుడు పుట్టిన దయో ఆ ముడతల్లో ఆమెకు తేలలేదు. అడిగితే చెబుతుంది. చెప్పినా అది ఏదో తేలదు. అడగలేదు.

"ఈ ముక్క అక్క పెట్టెలో పెట్టేద్దామా?" అంది చివరికి.

"ఉండనీ అమ్మా," అంది నగిస. "ఇన్నేళ్లు నాదేగా."

సుమియె సంతకం చేసింది. పక్కన తన పేరున్న ఎర్రముద్ర అద్ది ఆరనిచ్చింది. అసలు పత్రం ఇగరాషి సంచిలోకి వెళ్లింది. నకలును నాలుగు మడతలు పెట్టి, నగిస పేరున్న పెట్టెలో, అక్క బొడ్డు సగానికి అడుగున దూరేలా సర్ది, సుమియె మూత పెట్టింది.