ఇద్దరూ ఒప్పుకున్న మాట

చర్చలకు బయలుదేరే రోజు పొద్దున నేను మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నేను ఊళ్లో లేని రోజులకు సరిపడా చేసి బీరువాలో తగిలించకపోతే ఆయన ముడతల చొక్కాతో ఆఫీసుకు వెళ్తాడు, ఆ ముడతలు నా మెడకు చుట్టుకుంటాయి. అత్తగారు కుర్చీలో కూర్చుని మందులు వేసుకుంటూ, "ఎవరో ఎక్కడో కొట్టుకు చస్తుంటే మధ్యలో నీకేంటమ్మా?" అంది. ఆయన అద్దం ముందు నుంచే నవ్వాడు. "దేశాలన్నిటికీ రాజీ కుదురుస్తుందట. పనిమనిషితో మాత్రం కుదరదు." పనిమనిషి మానేసింది అత్తగారి నోటికి తట్టుకోలేక. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఇస్త్రీపెట్టె వైరు చుట్టి లోపల పెట్టాను.

విదేశాంగ శాఖలో నాది సరిహద్దు విభాగం. సరిహద్దుకు అవతల కొండవాళ్లకూ మైదానంవాళ్లకూ మధ్య ఏడాదికి పైగా ఊచకోత సాగుతోంది. బస్సు ఆపి, మనిషి చేత నాలుగు మాటలు మాట్లాడించి, యాసను బట్టి దింపి చంపుతున్నారు. అప్పటికే రెండుసార్లు ఇరుపక్షాల నాయకుల్నీ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టారు. చేతులు కలిపారు, ఫొటోలు దిగారు, తిరిగి వెళ్లి మళ్లీ ఊళ్లు తగలబెట్టారు.

"ఈసారి ముందు వాళ్లను పిలవొద్దు" అన్నాను నేను చర్చలకు ముందు జరిగిన ఒక సమావేశంలో. "చుట్టూ ఉన్న మిగతా మూడు దేశాలతో విడివిడిగా మాట్లాడదాం. తుపాకులు ఒక దేశం మీదుగా వస్తున్నాయి. డీజిల్ ఇంకో దేశం రేవు నుంచి దిగుతోంది. మూడోది నాయకుల కుటుంబాలకు ఇళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఎవరి భయం వాళ్లకుంది. ఆ భయం తీరిస్తే దారులు మూస్తారు. దారులు మూశాక వీళ్లిద్దరూ వాళ్లంతట వాళ్లే వస్తారు."

ఎవరూ తలెత్తలేదు. ఒకాయన బిస్కెట్ల పళ్లెం ఇటు జరపమన్నాడు. తర్వాతి సమావేశంలో అదే మాట మా రాయబారి గారి నోట వచ్చింది. "అద్భుతం సార్" అన్నారందరూ. ఆయన నా వైపు తిరిగి, "కాస్త వివరంగా రాసి పెట్టమ్మా" అన్నారు.

ఆ ఆలోచన నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా ఇంట్లో గొడవ ఏనాడూ మా ఇద్దరి మధ్యే జరగలేదు. ఆయన నోరు పెంచితే వెనక అత్తగారు ఉండేది, ఆవిడ వెనక ఫోన్లో ఆడపడుచు. అటు మా అన్నయ్య, ఎక్కడ పుట్టింటికి వచ్చేస్తానో అని ప్రతిసారీ ఆయన పక్షమే మాట్లాడేవాడు. కాపురంలో ఇన్ని దేశాలుంటాయని పెళ్లికి ముందు నాకు తెలియదు.

చర్చలు సరస్సు పక్కన ఒక హోటల్లో. మూడు దేశాలవాళ్లూ ముందు వచ్చారు. దారులు మూస్తామని సంతకాలు చేశారు. తూటాలు తగ్గేసరికి కొండ నాయకుడూ మైదానం నాయకుడూ నిజంగానే దిగారు. ఏ తలుపులోంచి ఎవరు ముందు రావాలి అన్న దగ్గర మొదలైన కీచులాట నీళ్ల సీసాల దాకా సాగింది. ఆ హోటల్లో ఆడవాళ్లం చాలా తక్కువమంది. రోజంతా జనం మధ్యే ఉండేదాన్ని, అయినా "తిన్నావా?" అని నన్నడిగిన మనిషి లేదు. మధ్యాహ్నాలు గదికి వెళ్లి, మంచం అంచున కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని సరస్సు చూస్తూ తినేదాన్ని. ఇంటి నుంచి మెసేజ్‌లు వచ్చేవి. గ్యాస్ బుక్ చేశావా? అమ్మ కళ్లద్దాలు ఎక్కడ?

ఒప్పందంలో ఏడో అంశం నేను రాసిందే. ఆడవాళ్ల మీద, పిల్లల మీద అఘాయిత్యాలు చేసినవాళ్లకు క్షమాభిక్ష ఉండదు, విచారణ ఉంటుంది. అది చదవగానే మైదానం నాయకుడు, "ఇది తీసేయండి" అన్నాడు. కొండ నాయకుడు వెంటనే తలూపాడు. అన్ని రోజుల్లో వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు కూడా.

రాయబారి గారి ముఖం వెలిగిపోయింది. నన్ను వరండాలోకి పిలిచారు. "తీసేద్దామమ్మా. దీని కోసం మొత్తం చెడగొట్టుకుంటామా? శరణార్థి శిబిరాల తరఫున ఒక నర్సు వచ్చి కూర్చుంది కదా, ఆవిడకు నువ్వు నచ్చజెప్పు. ఆడవాళ్లు ఆడవాళ్లు, మీకైతే కుదురుతుంది."

నర్సు కింద చిన్న గదిలో ఉంది. నడివయసు మనిషి. తల్లి కొండమనిషి, తండ్రి మైదానంవాడు. గొడవలు మొదలయ్యాక రెండు వైపులవాళ్లూ ఆవిణ్ణి అవతలి మనిషే అన్నారట. శిబిరంలో మాత్రం రెండు వైపుల ఆడవాళ్లూ కలిసి ఆవిడనే పంపారు.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టాను. "చూడండీ, ముందు చావులు ఆగాలి కదా. జరిగిందేదో జరిగింది..."

అక్కడ ఆగిపోయాను. ఆ మాట నాది కాదు.

పెళ్లైన కొత్తలో ఒకసారి ఆయన నన్ను కొట్టాడు. మర్నాడు పెద్దలు మా హాల్లో కూర్చున్నారు. అత్తమామలు, ఆడపడుచు భర్త, మా నాన్న, మా అన్నయ్య. నా పెదవి వాచి ఉంది. టీ నేనే పెట్టాను, చక్కెర ఎవరికి ఎంతో అడిగి మరీ ఇచ్చాను. వాళ్లు తాగుతూ, "జరిగిందేదో జరిగింది, ఇక ఆ మాట ఎత్తకండి" అని తేల్చారు. ఎత్తకండి అన్నది ఇద్దరికీ చెప్పినట్టే చెప్పారు. ఎత్తడానికి ఆయన దగ్గర ఏముంది? మా నాన్న వెళ్లేటప్పుడు నా తల నిమిరి, "ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలు తల్లీ" అన్నాడు. నిజంగానే ఆ తర్వాత మా ఇల్లు ప్రశాంతంగా ఉంది. నేను మాట్లాడడం మానేశాను కాబట్టి.

"ఆగిపోయారేం?" అంది నర్సు.

"ఏడో అంశం తీసేస్తారట" అన్నాను.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "అలాగా" అంది. "మీరు రాసిన శాంతి మంచిదేనమ్మా. కాకపోతే మా వాళ్లెవరూ ఇళ్లకు వెళ్లరు. నా దగ్గర ఒక పిల్ల ఉంది. దాన్ని పాడుచేసినవాడిది పక్కిల్లే. వాడు గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటుంటే అది ఆ వీధిలో నీళ్లకెలా వెళ్తుంది? శిబిరంలోనే ముసలిదవుతుంది, అంతే."

మెట్లెక్కి పైకి వచ్చాను. రాయబారి గారి గది దాటి ముందుకు నడిచాను. శిబిరాలన్నీ ఆ మూడు దేశాల్లో తూర్పున ఉన్నదాని నేల మీదున్నాయి. ఆ దేశం మంత్రి లాంజ్‌లో కాఫీ తాగుతున్నాడు.

"అయ్యా, మీరు దారులు మూసింది శరణార్థులు వెనక్కి వెళ్తారన్న ఆశతోనే కదా?"

"అవును మరి. వచ్చే ఎన్నికల్లో నన్ను అడిగేది అదొక్కటే."

"ఏడో అంశం పోతే వాళ్లు వెళ్లరు. చెయ్యి వేసినవాడు గుమ్మంలో కూర్చునుండగా ఏ ఆడదీ ఆ ఊరు పోదు. ఆడవాళ్లు కదలకపోతే పిల్లలు కదలరు, మగవాళ్లు కదలరు. ఆ శిబిరాలు మీ మనవల కాలానికి కూడా మీవే."

ఆయన కప్పు కింద పెట్టాడు. నేను చెప్పింది న్యాయం అని ఆయనకు తట్టిందో లేదో నాకు తెలియదు. లెక్క మాత్రం తట్టింది. సాయంత్రం సమావేశంలో ఆయన లేచి, "ఏడో అంశం లేకపోతే నా సంతకం వెనక్కి తీసుకుంటాను, దారులు తెరుచుకుంటాయి" అన్నాడు. కొండ నాయకుడు బల్ల గుద్దాడు. మైదానం నాయకుడు లేచి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి కూర్చున్నాడు. వెళ్లడానికి వాళ్లకు చోటు లేకుండా చేశాం కదా. చివరికి ఏడో అంశంతో సహా ఒప్పుకున్నారు.

"నన్ను దాటి వెళ్లారు" అన్నారు రాయబారి గారు, పళ్లు బిగించి. అంతవరకూ నువ్వు అన్న మనిషి మీరులోకి దిగాడు.

"మీ పద్ధతే కదా సార్. ముందు చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడమన్నారు."

సంతకాల ఫొటోలో నేను లేను. హాల్లో అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. సంతోషం పట్టలేక ఎవరికైనా చెప్పాలని ఫోన్ తీశాను. పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాను. చెప్పుకోదగ్గ పేరు ఒక్కటీ తగల్లేదు. మెట్ల మీదకు వెళ్తే నర్సు సంచి భుజాన వేసుకుని బస్సు కోసం నిలబడి ఉంది. నాకు దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు. "విచారణకు మా వాళ్ల మాటలు వినడానికి ఎవర్ని పంపుతారు? మగవాళ్లనా?" అని అడిగింది.

శిబిరం దగ్గర వాంగ్మూలాలు తీసుకునే ఉద్యోగానికి మా శాఖలో ఎవరూ ముందుకు రాలేదు. దుమ్ము, దోమలు, ప్రమోషన్‌కు పనికిరాదు. నేను వెళ్తానన్నాను. రాయబారి గారికి నన్ను వదిలించుకోవడం ఇష్టమే, అయినా మర్యాదకు, "ముందు ఇంట్లో అడగండి" అన్నారు.

గదికి వచ్చి ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తాడు. "అడగడానికి కాదు, చెప్పడానికి చేశాను" అని మొత్తం చెప్పాను. వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది, "ఏమంటోందిరా?" అని.

"ఏం లేదమ్మా, ఏదో కోపంలో ఉంది. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందిలే" అన్నాడాయన.

"అవునండీ," అన్నాను, తెరిచిన పెట్టెలో ఆఖరి చీర పెడుతూ, "సర్దుకోవడం అయిపోయింది."