తారుమారైన రెండు వరుసలు

శ్రీశైల్ నౌబాద్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మెషీన్ల మెకానిక్. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు బండి మీద పోతాడు, మూడు దాటాక ఇల్లు చేరతాడు. అన్నం తిని పాత లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపల చూసి మార్చుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టంను తెలుగులోకి తెచ్చే పని పదేళ్ళుగా నెత్తిన పెట్టుకున్నాడు. మొదట్లో ఆ పనికి పదకొండు మంది ఉండేవారు. పెళ్ళిళ్ళని, పిల్లలని, ఉద్యోగాలని ఒక్కొక్కరే తప్పుకున్నారు. మూడేళ్ళుగా అతనొక్కడే మిగిలాడు. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, దానితోపాటు వందల వాక్యాలు వస్తాయి. వాటిని చదివేవాళ్ళు అసలున్నారో లేదో అతనికి తెలియదు. మానేద్దామని ప్రతిసారీ అనుకుంటాడు. మానేస్తే భాషల జాబితాలోంచి తెలుగును తీసేస్తారని మళ్ళీ కూర్చుంటాడు.

మార్చిలో, విడుదలకు ముందు పరీక్షించి చూడమని ఇచ్చే వెర్షన్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనిపించే తెరలన్నీ మొదటిసారి పూర్తిగా తెలుగులో ఉన్నాయి. వేరే సిస్టం ఇప్పటికే ఉన్న కంప్యూటర్లో కూడా ఎక్కించి చూడండని అన్ని భాషలవాళ్ళనూ కోరారు. శ్రీశైల్ లాప్‌టాప్‌లో మరో సిస్టం లేదు కాబట్టి కొన్ని తెరలు అందులో ఎప్పుడూ రాలేదు.

సరిగ్గా అప్పుడే అతని అక్క రాచమ్మ తన కంప్యూటర్ సతాయిస్తోందని ఫోన్ చేసింది. ఆమె రెండు గదుల్లో ఎంబ్రాయిడరీ మెషీన్ పెట్టుకుని పెళ్ళి జాకెట్లు కుడుతుంది. తొమ్మిదేళ్ళుగా తను గీసిన డిజైన్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటిలో జొన్నకంకుల అంచు కోసం జనవాడ లాంటి పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు వస్తారు. ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ పాత సిస్టంలోనే నడుస్తుంది. అందుకని పాతదాన్ని కదిలించకుండా, మిగతా పనులకు కొత్తదాన్ని పక్కన ఎక్కిస్తానని శ్రీశైల్ అన్నాడు. ఇది ఇంకా పూర్తికాని వెర్షనని కూడా చెప్పాడు. తన డిజైన్లకు ఏమీ కాదు కదా అని ఆమె రెండుసార్లు అడిగింది.

"పాతది పాతదే ఉంటదక్కా. కొత్తది పక్కకు పెడ్తం, అంతే."

ముందు అన్నిటినీ వేరేచోట కాపీ చేసుకోవాలని అతనికి తెలుసు. కానీ ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌లో కొత్త సిస్టం ఎక్కించి తెచ్చాడు. ఇంకొకటి కావాలంటే బజారుకు పోవాలి. వారమంతా షిఫ్టులు చేసి ఒళ్ళు అలసిపోయింది, మళ్ళీ లేచి బండి తీయబుద్ధి కాలేదు.

ఆదివారం పదకొండింటికి మొదలుపెట్టారు. తెర మీద తెలుగు అక్షరాలు రాగానే రాచమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. చిన్నప్పుడు సరిహద్దు అవతల, తెలుగు బడి ఉన్న అమ్మమ్మ ఊళ్ళో ఉండి ఆమె ఏడో తరగతి దాకా తెలుగు చదివింది. కన్నడ బడికి పోయిన తమ్ముడికి తెలుగు దిద్దించింది కూడా ఆమే. ఇన్నేళ్ళుగా కంప్యూటర్లో ఏ బొమ్మ ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకుని నొక్కడమే తప్ప, తెర మీది మాటను ఆమె ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు ఒక్కో వాక్యం పైకి చదువుతూ, తనే మౌస్ పట్టుకుని ముందుకు పోతోంది. శ్రీశైల్ వెనక నిలబడి వింటున్నాడు. పదేళ్ళలో అతను రాసినదాన్ని ఒక మనిషి చదవగా వినడం అదే మొదలు.

ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. మెషీన్ ఆగిపోయింది, ఏం చేయాలని షిఫ్టులో ఉన్నవాడు అడిగాడు. శ్రీశైల్ మెట్ల మీదికి పోయి పావుగంట మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి పని సగం దాటింది. ఏది నొక్కావని అక్కను అడిగాడు. పాతది ఉంచి పక్కన ఇన్‌స్టాల్ చేయమనేదే నొక్కానని, తర్వాతి తెరలో అన్నీ అంకెలే ఉంటే అలాగే ముందుకు పోయానని చెప్పింది. అతను సరేనన్నాడు.

కంప్యూటర్ మళ్ళీ తెరుచుకున్నప్పుడు కొత్త సిస్టం ఒక్కటే వచ్చింది. పాతదా కొత్తదా, ఏది కావాలని అడగనేలేదు. శ్రీశైల్ డిస్క్ తెరిచి చూశాడు. పాతదాని ఆనవాలు లేదు. ఫోన్ తీసి, తను అనువాదాలు రాసే పేజీలో, పాతదాన్ని ఉంచడం, తుడవడం గురించిన రెండు వరుసలు వెతికాడు. పాతది ఉంచమనే ఇంగ్లీషు వాక్యం కింద తెలుగులో డిస్క్ మొత్తం తుడవమని ఉంది. తుడవమనేదాని కింద పాతది ఉంచమని ఉంది. పక్కన అతని పేరు, అక్టోబరు తేదీ ఉన్నాయి. అది అతను వరుసగా డబుల్ డ్యూటీ చేసిన వారం.

డిజైన్లు కనబడటం లేదని రాచమ్మకు అప్పటికే అర్థమైంది.

"నేనే తప్పు ఒత్తిన్నేమో రా. నువ్వొచ్చేదాంక ఆగాల్సుండె," అంది మెల్లగా.

శ్రీశైల్ ఊరుకుంటే ఆమె ఆ మాటే నమ్ముతుంది. పూర్తికాని వెర్షన్ కదా, ఇలాంటివి అవుతుంటాయన్నా నమ్ముతుంది. ఊరుకోవడానికి ఓపిక అక్కర్లేదు కూడా. కానీ ఇక మీదట ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా తన చదువునే అనుమానించుకుంటుందని అతనికి అనిపించింది.

"నువ్వు సదివింది సహీ ఉందక్కా. నేను రాసిందే ఉల్టా ఉంది."

"నువ్వు రాసిందేంది?"

ఆ తెలుగు ఏ కంపెనీవాళ్ళో రాశారని ఆమె అనుకుంది. అంతా తనే రాస్తానని, ఎప్పటి నుంచి రాస్తున్నాడో, అక్టోబరులో ఏం జరిగిందో అతను చెప్పాడు. ఆమె తల వంచుకుని విన్నది.

"గంత అలసిపోయినోనివి ఎందుకు రాయాలె? నిన్నెవరడిగిండ్రు?"

ఈ రోజుకు పొమ్మని ఆమె అంది. అతను డిస్క్ విప్పి సంచిలో పెట్టుకున్నాడు. మెట్ల మీదే కూర్చుని, ఫోన్‌లోనే ఆ తప్పు సంగతి ఆ సిస్టంను తయారుచేసేవాళ్ళకు రాసి పంపాడు. అనువాదాలు తీసుకునే గడువు దాటిపోయిందని, అయినా ఇది ప్రమాదకరమైన తప్పు కనుక దిద్దుతున్నామని మర్నాడు రెండు వాక్యాల జవాబు వచ్చింది. దిద్దారు కూడా. ఏప్రిల్‌లో విడుదలైన వెర్షన్‌లో ఆ వరుసలు సరిగ్గా ఉన్నాయి.

పోయినవాటిని వెతికే ప్రోగ్రాంతో అతను వారం రోజులు షిఫ్టు తర్వాత కుస్తీ పట్టాడు. ఆరు వందల డిజైన్లలో రెండు వందల నలభై దొరికాయి. పేర్లు పోయి అంకెలు మిగిలాయి. జొన్నకంకుల అంచు వాటిలో లేదు. దొరికినవాటిని తీసుకుపోయి పాత సిస్టం మళ్ళీ ఎక్కించాడు. కొత్తది వద్దని రాచమ్మ కచ్చితంగా చెప్పింది. ఒక్కో డిజైన్ తెరిచి పేరు పెట్టుకుంది. పోయినవాటి కోసం తను కుట్టిన జాకెట్లను జనవాడ నుంచి, కుశనూర్ నుంచి అడిగి తెప్పించుకుని, బల్ల మీద పరిచి మళ్ళీ గీసింది. పెళ్ళిళ్ళ రోజులన్నీ అలాగే గడిచాయి. అక్కాతమ్ముళ్ళు పని మాటలే మాట్లాడుకున్నారు.

జూన్‌లో ఒకసారి ఇంకా అవి రాస్తున్నావా అని ఆమె అడిగింది. నాలుగు వందల కొత్త వాక్యాలు వచ్చాయని, ముట్టుకోలేదని అతను చెప్పాడు.

"రాసి కాయితం మీద తియ్యి. పంపే ముందుగల్ల నాకు తెచ్చియ్యి. ఇంగ్లీషుది నువ్వు మతలబు చెప్పు, తెలుగుది నేను సూస్త."

తరువాతి ఆదివారం కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. తెలియని మాట ఉన్నచోట పెన్సిలుతో చుక్క పెట్టింది. 'విభజన పట్టిక' అంటే ఏమిటని అడిగింది. డిస్క్‌ను ఏ ముక్కలుగా పంచారో రాసుండే జాబితా అని శ్రీశైల్ రెండు విధాలుగా చెప్పి చూశాడు. ఆమెకు అర్థమైంది కానీ, అతనికి అంతకన్నా మంచి మాట దొరకలేదు. చుక్క అలాగే ఉంచి కిందికి పోయారు. సాయంత్రానికి నలభై వరుసలయ్యాయి. ఇద్దరికీ తలనొప్పి పట్టుకుంది. మిగతావి వచ్చే వారం చూద్దామని కాగితాలు మడిచి, ఆమె పొయ్యి మీద చాయ్ పెట్టింది.