మూటలు వరసలో ఉన్నాయి

బస్సులో స్టాపుల పేర్లు చెప్పే గొంతు వెనక తమ్ముడి చేతిపని ఉంది. డిపో మేడ మీద, ఫ్యాను వేస్తే కాగితాలు లేచిపోయే గదిలో అతని కొలువు. అతని కంప్యూటర్లో స్టాపులన్నీ చుక్కలు, రూట్లూ చుక్కలే. ఏ రూటులో ఏ స్టాపు ఎన్నోదో, రెంటినీ కలిపే గీత మీద అంకె వేసి ఉంటుంది. ఆ చిక్కుముడిలోంచి రూటుకొక జాబితా లాగడానికి అతను క్వెరీ అనే నాలుగు పంక్తుల ఆదేశం రాశాడు. బస్సు ఆగినప్పుడల్లా డ్రైవరు మీట నొక్కితే జాబితాలోని తర్వాతి పేరు వినబడుతుంది.

జీతం కోసం మొదలుపెట్టిన పనే అయినా, పట్టుబట్టి పూర్తి చేసింది అక్క కోసం. మూడేళ్ళ కిందట ఆమెకు చూపు పోయింది. చూపు పోయినందుకు కన్నా, గడప దాటాలంటే ఎవరి మోచెయ్యో పట్టుకోవలసి వస్తున్నందుకే ఆమె ఎక్కువ కుమిలింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. విత్తనాల కంపెనీలో ఫోన్లెత్తే పని దొరకగానే, "ఒక్కదాన్నే వెళ్తా. నోరున్న బస్సు ఉండగా నువ్వెందుకు?" అంది.

మొదటిరోజు వెళ్ళింది. పది కొట్టేసరికి తిరిగొచ్చేసింది.

సాయంత్రం తమ్ముడు ఇల్లు చేరేసరికి ఆమె చేతికర్ర మడిచి బీరువాలో పెట్టేసింది. అడగ్గా అడగ్గా ఒక్కో ముక్కా రాలింది. "విత్తనాల కంపెనీ" అని బస్సు చెప్పిందట, దిగిందట. కంపెనీ గేటు ముందు ఉంటుందన్న ఇనుప కమ్మీ కర్రకు తగల్లేదు. రంపం చప్పుడు, పచ్చి కలప వాసన. ఎటు వెళ్ళాలో తెలియక పావుగంట అక్కడే నిలబడిపోయింది. చివరికి కలప అడితి వాళ్ళే కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఇంటి దగ్గర దింపారు. పేరు తనే తప్పు విన్నానని ఆమె తీర్పు చెప్పేసుకుంది. ఇక రానని రేపు కంపెనీకి చెప్పేస్తుందట.

"కళ్ళు పోతే చెవులున్నాయనుకున్నానురా. అవీ పోయాక ఇంకేం చూసుకుని బయల్దేరను?"

ఏ రూటు బస్సెక్కిందో అడిగి తమ్ముడు రాసిపెట్టుకున్నాడు.

మర్నాడు డిపోలో తమ్ముడు సంగతి చెప్పగానే తప్పు ఆ బస్సు డ్రైవరు నెత్తికి చుట్టారు. మీట రెండుసార్లు నొక్కి ఉంటాడని అందరూ తేల్చేశారు. ముప్పై ఏళ్ళు గేరు మీద తప్పని చెయ్యి మీట మీద తప్పుతుందా అని ఆయన గొడవపడుతున్నాడు. తమ్ముడు జాబితా తీశాడు. ఒకటో రూటు, రెండో రూటు, మూడో రూటు, పలకమీద ఎక్కాల్లా ఉన్నాయి. ఎప్పుడూ అంతవరకే చూసి తృప్తిపడేవాడు. ఈసారి అక్క ఎక్కిన ఏడో రూటు లోపలికి దిగాడు. పోయిన వారం మూడో స్టాపు తర్వాత కొత్తగా పెట్టిన "ఆస్పత్రి వెనక గేటు" అన్నిటికన్నా అడుగున పడి ఉంది. దాంతో తర్వాతి పేర్లన్నీ ఒక్కో స్టాపు ముందే వినబడుతున్నాయి.

పక్క బల్ల మీద పనిచేసే పెద్దావిణ్ణి అందరూ పిన్నీ అంటారు. కళ్ళజోడు పైకి నెట్టి క్వెరీ ఒక్కసారి చదివింది.

"ముందు స్టాపుల్ని రూటుకో మూట కట్టేసి తర్వాత వరస పెట్టావు నాయనా. మూటలు వరసలోనే ఉన్నాయి. లోపలి గుడ్డలు ఎవరు సర్దుతారు?"

స్టాపులు మొదట్లో కంప్యూటర్లోకి వరసగానే ఎక్కించారు గనక ఇన్నాళ్ళూ జాబితా వరసగానే వచ్చింది. అది తన ప్రతిభ అనుకున్నాడు. వరసపెట్టే పంక్తిని మూటకట్టే పంక్తికి పైకి జరిపాడు. స్టాపుల్ని కావాలనే చిందరవందరగా ఎక్కించి మళ్ళీ చూశాడు. గేటు వచ్చి నాలుగో చోట కూర్చుంది. కిందికి దిగి, తప్పు తనదని డ్రైవరుకు నలుగురిలో చెప్పాడు. మధ్యాహ్నం సెలవు పెట్టాడు.

దారంతా ఒకటే తర్జనభర్జన. మిషను తప్పంటే తన పరువు నిలుస్తుంది. కానీ మిషనును నమ్మలేని అక్క మళ్ళీ బస్సెలా ఎక్కుతుంది?

"అక్కా, నువ్వు సరిగ్గానే విన్నావు. తప్పు రాసింది నేను."

ఆమె మూట సంగతంతా రెండుసార్లు చెప్పించుకుంది.

"అయితే బస్సు చెప్పిందే నేను విన్నాను."

"అవును."

"కలప వాసన పీలుస్తూ పావుగంట నన్ను నేను తిట్టుకున్నానురా గాడిదా. ఆ తిట్లన్నీ నీవి."

అవన్నీ ఒక్కటీ మిగల్చకుండా అప్పజెప్పింది. అతను తల వంచుకుని అందుకున్నాడు. రేపు తోడు వస్తానంటే మళ్ళీ కసిరింది. జాబితా చదవమంది. చదివితే నోటికి పట్టించుకుంటుందట. నువ్వు తప్పినా నేను తప్పకూడదుగా అంది. మూడోసారికి అతనికన్నా ముందే చెబుతోంది.

తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, రేపు తొమ్మిదికి వస్తానంది. అటు నుంచి ఎలా వస్తారని అడిగినట్టున్నారు.

"బస్సులో," అంది.