సత్తెమ్మ గురి

ఆ రోజుల్లో రాజోలు సెంటర్లో అద్దె సైకిళ్ళ కొట్లు రెండుండేవి. ఒకదాంట్లో సైకిళ్ళు కొత్తవి, మనిషి చిరాకు. రెండోదాంట్లో సైకిళ్ళు పాతవి, మనిషి సూరిబాబు. జనం రెండోదానికే వెళ్ళేవారు. సూరిబాబు నోట 'లేదు' అన్న మాట పుట్టేది కాదు మరి. బ్రేకులు పడతాయా అంటే "ఆయ్" అనేవాడు. బెల్లు మోగుతుందా అంటే "ఆయ్, మోగుద్దండి" అనేవాడు. మోగకపోతే వెనకాలే పరిగెత్తుకొచ్చి "తప్పుకోండి బాబూ" అని తనే అరిచేంత మర్యాదస్తుడు.

మిణుగురుల యాత్ర మొదలైంది కూడా ఈ 'ఆయ్' వల్లే. డెబ్బైమూడో డెబ్బైనాలుగో, కాలవలకి నీళ్ళు వదిలిన జూన్ నెలలో, బ్యాంకికి బదిలీ మీద వచ్చిన ఓ ఆఫీసరు కొట్టు ముందు నిలబడి, "సాయంత్రం పూట చూడ్డానికి మీ ఊళ్ళో ఏమైనా ఉందా?" అని అడిగాడు. సూరిబాబు ఆయ్ అనేశాడు. అనేశాక, ఏముందబ్బా అని ఆలోచనలో పడ్డాడు. అప్పుడు గుర్తొచ్చాయి, వైనతేయ పాయ అవతల చిన్న రేవు దగ్గరున్న గంగరావి చెట్లు. చిన్నప్పుడు మేనమామ వెంట చేపలకి వెళ్ళినప్పుడు చూసినవి.

ఆఫీసరుగారు చూసొచ్చి నాలుగు రోజులు అదే మాట చెప్పుకున్నారు. మరుసటి వారం ఆయన స్నేహితులు ఆరుగురు వచ్చారు. ఆ తర్వాత అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలతో దిగేవారు. జూన్, జూలై వచ్చాయంటే సాయంత్రం ఐదింటికి కొట్టు ముందు సైకిళ్ళు వరస కట్టేవి. మగవాళ్ళు తొక్కేవారు, ఆడవాళ్ళు కేరేజీ మీద ఓ పక్కకి తిరిగి కూర్చునేవారు. అందరికంటే ముందు సూరిబాబు. అప్పనపల్లి వైపు కాలవ గట్టు మీద కొబ్బరి తోటల నీడలో సాగేది ఆ దండు.

నది కనిపించే మలుపులో సూరిబాబు చెయ్యెత్తేవాడు. అందరూ దిగి డైనమోలు చక్రానికి తగలకుండా ఎత్తెయ్యాలి. టార్చిలైట్లు సంచిలో పెట్టెయ్యాలి. చుట్టా బీడీ ఏదీ ముట్టించకూడదు. "కలెక్టరుగారొచ్చినా ఇదే రూలండి, ఏమీ అనుకోవద్దండి," అనేవాడు. అక్కణ్ణుంచి ఏలీయా నావ. ఏలీయా మంచి మాటకారి, కానీ ఆ అరగంటా నోరు కుట్టేసుకుని గెడ వేసేవాడు. అవతల చెట్ల కింద నావ ఆపి కూర్చుంటే ముందు ఏమీ ఉండేది కాదు. కాసేపటికి ఓ ఆకు వెనక ఒకటి మిణుక్కుమనేది. పక్క కొమ్మ మీద ఇంకోటి. చూస్తుండగానే చెట్టు చెట్టంతా ఒక్కసారి వెలిగి, ఒక్కసారి ఆరి, మళ్ళీ వెలిగేది. నీళ్ళలో కూడా అదే చెట్టు. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా అక్కడ నోరు తెరిచి చూడాల్సిందే.

తిరుగు ప్రయాణంలో అరిటాకు పొట్లాలు విప్పేవారు. పుణుకులు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కలు. అవి సూరిబాబు భార్య సత్తెమ్మ వేయించి కట్టినవి. "మిణుగురులు సరే గానీ, ఈ పుణుకులు ఎవరు చేసేరండీ?" అని అడగని వాళ్ళు లేరు.

ఆ సత్తెమ్మ మాత్రం ఏనాడూ ఆ చెట్టు చూడలేదు.

అడక్క కాదు. పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ, "నన్ను కూడా ఓసారి తీసుకెళ్ళండీ," అనేది. సూరిబాబు ఆయ్ అనేవాడు. "ఇవాళ సైకిళ్ళు సరిపోవే. రేపెళ్దాం. నువ్వు ఇంటి మనిషివి, నీకేం తొందర? చెట్టెక్కడికి పోద్ది?" ఆ రేపు అలా అలా ఎనిమిదేళ్ళు జరిగింది.

ఎనభై ఒకటిలో ఓ ఇంజనీరుగారి భార్య అవతలి రేవులో నావ దిగుతూ జారి, మోకాళ్ళ దాకా బురదలో దిగబడింది. పట్టుచీర పాడైపోయింది. ఆవిడ నవ్వేసి ఊరుకుంది గానీ సూరిబాబుకి తల కొట్టేసినట్టయింది. మన ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇంత అమర్యాదా! మర్నాడే తెల్లకాగితం పట్టుకుని ఊరూరా తిరిగాడు. రేవులో వీధిలైటు కావాలని రెండువందల మంది చేత సంతకాలు పెట్టించాడు. మొదటి సంతకం తనదే. ఏడాది తిరక్కుండా స్తంభం లేచింది, లైటు పడింది. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి, సూరిబాబు మెళ్ళో బంతిపూల దండ వేశారు. ఆ దండ చూసి సత్తెమ్మ మురిసిపోయింది.

ఆ జూన్‌లో మిణుగురులు రాలేదు.

మొదట వానలు ఆలస్యం అనుకున్నాడు. తర్వాత ఏలీయా తలెత్తి స్తంభం వేపు చూశాడు, సూరిబాబూ చూశాడు. కేరేజీల మీద కూర్చుని అంత దూరం వచ్చిన పెద్దమనుషులు గోదావరి జిల్లా వాళ్ళే కాబట్టి, ఒక్కరూ మాట తూలలేదు. "గాలి బాగా వేస్తోందండీ ఇక్కడ," అన్నారు. "పుణుకులు అద్భుతం," అన్నారు. మరుసటేడు మాత్రం ఎవరూ రాలేదు. సత్తెమ్మ అడిగితే, "జనానికి టీవీలొచ్చేయే, ఇవన్నీ ఎవరు చూస్తారు," అన్నాడు. తన చేత్తో తనే చెట్టు ఆర్పేశానని పెళ్ళానికి చెప్పుకోడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఎనభై నాలుగు జూలైలో సత్తెమ్మకి కువైట్ వీసా వచ్చింది. ఓ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని, రెండేళ్ళు. పేటలో అప్పటికే నలుగురు ఆడవాళ్ళు వెళ్ళారు. కూతురు విజయకుమారి అమలాపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది, దాన్ని టీచరు ట్రైనింగు దాకా తేవాలని సత్తెమ్మ పట్టుదల. చర్చిలో ప్రార్థన పెట్టించారు, పెట్టె కొన్నారు. ఇంకో మూడు రోజుల్లో ప్రయాణం అనగా, అన్నం వడ్డిస్తూ అంది:

"ఏవండీ, రేపు సాయంత్రం నన్ను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళండి."

సూరిబాబు ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఇప్పుడెందుకే అది?"

"కువైట్ నుంచి ఎలీసమ్మ ఉత్తరం రాసిందండి. అక్కడ రాత్రంతా లైట్లేనంట. రోడ్లమీదా, గోడలమీదా, మేడలమీదా. చీకటన్నదే కనపడదంట. రెండేళ్ళు ఆ వెలుగులో ఉండాలి కదా, కాస్త చీకటి చూసెళ్తాను. మీ మిణుగురుల్ని కూడా. ఎనిమిదేళ్ళు పుణుకులు వేయించేను, ఆ మాత్రం చూపించరా?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ సూరిబాబు సూరిబాబే కదా. "ఆయ్," అన్నాడు.

తెల్లవారగానే లైన్‌మన్ సాలమోను ఇంటికి పరిగెత్తాడు. సాలమోను వరసకి మేనల్లుడు. "ఒరేయ్ అబ్బాయీ, ఇవాళ సాయంత్రం ఒక్క గంట ఆ రేవులో లైటు ఆపాలిరా."

"దానికి స్విచ్చి లేదు మావయ్యా, డైరెక్టు. ఆపాలంటే ఆ ఊరు మొత్తానికి తియ్యాలి. నా ఉద్యోగం పోద్ది." సాలమోను పళ్ళు తోముకుంటూనే నవ్వేడు. "అయినా సంతకాలు పెట్టించింది మీరే, ఆపమనేదీ మీరేనా?"

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. పదిరోజులుగా రోజూ ఏడింటికి ఠంచనుగా కరెంటు పోతోంది. ఇవాళ కూడా పోతే చాలు ప్రభువా అని, సూరిబాబు రోజంతా పంక్చర్లు వేస్తూ ప్రార్థన చేశాడు.

సాయంత్రం సత్తెమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. చేతిలో పొట్లం. "పుణుకులు లేకపోతే యాత్ర ఏంటండీ!" అని నవ్వింది. కేరేజీ మీద కూర్చుని సీటు వెనక పట్టుకుంది. పెళ్ళైన కొత్తలో రావులపాలెం దాకా అలాగే తీసుకెళ్ళాడు, అరటి గెలల లారీలు చూపించడానికి. అప్పుడామె దారంతా ఆపకుండా మాట్లాడింది. ఇప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంది. ఆ కాలవ మలుపులో తన అమ్మమ్మ ఇల్లుండేదనీ, ఆ తోటలో మామిడికాయలన్నీ తను రాళ్ళేసి కొట్టినవేననీ, తోట మాలి తనకి పెట్టిన పేరు 'తుపాకి' అనీ. సూరిబాబు ఊఁ కొడుతూ తొక్కుతున్నాడు. బరువు సైకిలు మీద కాదు, గుండె మీదుంది.

మలుపులో, అలవాటు కొద్దీ చెయ్యెత్తి ఆపాడు. డైనమో ఎత్తేశాడు.

ఏలీయా వాళ్ళిద్దర్నీ చూసి ఏదో అనబోయి, సూరిబాబు మొహం చూసి గెడ అందుకున్నాడు. నావ కదిలింది. ఏడైంది. ఏడుంపావైంది. ఊళ్ళో కరెంటు పోలేదు. పదిరోజులుగా ఏడింటికి పోతున్న ఆ పాడు కరెంటు సరిగ్గా ఆ రోజే నిలకడగా ఉంది. పాయ మలుపు తిరిగేసరికి ఎదురుగా రేవులో లైటు భగ్గుమంటోంది. చుట్టూ ఉసిళ్ళు. గంగరావి చెట్ల మీద ప్రతి ఆకూ లెక్కపెట్టుకోవచ్చు, అంత వెలుగు.

"ఏ చెట్టండీ?" అని అడిగింది సత్తెమ్మ.

సూరిబాబు నావలో పలక మీద కూలబడ్డాడు. "అదేనే. ఇక్కడేం లేదే. రెండేళ్ళై లేదు. ఆ లైటు పెట్టించింది నేనే. దండ వేయించుకున్నాను కదా, ఆ లైటే. నీకు చెప్పలేకపోయేను. ఎవరెవరికో చూపించేను, వాళ్ళ పేర్లు కూడా గుర్తు లేవు నాకు. నీకు మాత్రం రేపు రేపన్నాను." అంటూనే పెద్దవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏలీయా నదికేసి తిరిగి నిలబడ్డాడు.

సత్తెమ్మ తలెత్తి లైటు వేపు చూసింది. తర్వాత, "అందుకా జనం రావడం మానేసింది! టీవీలన్నారు, టీవీలు!" అంది. కోపం వచ్చింది ఆమెకి. రావాలి కూడా. "ఎనిమిదేళ్ళు పొయ్యి ముందు చేతులు కాల్చుకున్నాను. చెట్టెక్కడికి పోద్దన్నారు. ఎక్కడికి పోయిందండీ ఇప్పుడు?"

ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పొట్లం మొగుడి ఒళ్ళో పడేసి, బురదలోకి దిగింది.

కోనసీమలో రాయి దొరకాలంటే కష్టం. ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టే. సత్తెమ్మ ఒడ్డునున్న కొబ్బరి చెట్టు మొదట్లో వంగి, రాలిపోయిన పిందెలు నాలుగు ఒళ్ళోకి ఏరుకుంది. స్తంభం కిందకి వెళ్ళి, పైకి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా, సర్కారు లైటండి!" అన్నాడు ఏలీయా కంగారుగా.

"సర్కారుకి ఇంకోటుంటుందిలే, ఏలీయా."

మొదటి పిందె రేకు గొడుక్కి తగిలి ఖంగుమంది. ఎవరైనా వస్తారేమోనని సూరిబాబు గట్టు వేపు చూశాడు. ఎవరూ రాలేదు. రెండో పిందె బల్బుకి సూటిగా తగిలింది.

చీకటి పడింది. అసలు చీకటి. ఎవరి చెయ్యి వాళ్ళకి కనపడలేదు. ఆ చీకట్లోనే సత్తెమ్మ తడుముకుంటూ నావ ఎక్కి, మొగుడి పక్కన కూర్చుంది. బురద కాళ్ళు, రొప్పు. రెండేళ్ళై లేని పురుగులు ఒక్క బల్బు పగిలితే వచ్చేస్తాయా అని సూరిబాబు అనుకున్నాడు గానీ, ఆ మాట పైకి అనలేదు. పొట్లం విప్పి ఆమె చేతికి ఓ పుణుకు ఇచ్చాడు. చల్లారిపోయినా కమ్మగానే ఉన్నాయి.

ఎంతసేపు కూర్చున్నారో. నీళ్ళ మీద మిణుక్కుమంది ఒకటి. పైన చూస్తే ఆకు చివర.

"ఏవండీ, అదేనా?"

"అదేనే."

ఇంకోటి. ఆ కొమ్మ మీద మూడు. పాత రోజుల్లోలా చెట్టంతా వెలగలేదు, అబద్ధమెందుకు. ఓ ముప్ఫయ్యో నలభయ్యో ఉంటాయి. అవే ఒకదాన్నొకటి చూసుకుంటూ, కాసేపు తడబడి, చివరికి అన్నీ కలిసి వెలిగాయి, కలిసి ఆరాయి. సత్తెమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగున్నాయండీ," అంది. "నన్ను పంపించెయ్యకండి అనిపిస్తోంది. కానీ వెళ్తాను. పిల్లకి మాటిచ్చేను."

మూడో రోజు వెళ్ళింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "వేళకి తినండి!" అని అరిచింది. ఆ రాత్రి నుంచి సూరిబాబు పుణుకులు తినడం మానేశాడు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. ఐదో తరగతి దాకా చదివిన గుండ్రటి అక్షరాలు. పిల్లలు మంచివాళ్ళనీ, వేడి ఎక్కువనీ, ఎలీసమ్మ చెప్పింది నిజమేననీ రాసింది. 'ఇక్కడ రాత్రన్నది లేదండి. కళ్ళు గట్టిగా మూసుకుంటే మన చెట్టు కనిపిస్తాది. అప్పుడు నిద్ర పడతాది. అక్కడ మళ్ళీ బల్బు వేసేరా?'

సూరిబాబు కొట్టు మూసి, ఇన్‌లాండు కాదు, పరదేశపు కవరు తెచ్చుకుని రాయడానికి కూర్చున్నాడు. 'లేదు, వెయ్యలేదు' అని రాశాడు. ఆ మనిషి నిద్రపోవాలి కదా. రాసి, ఆ మాట వేపు చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం చింపేసి ఇంకోటి తీశాడు.

'సత్తెమ్మా, వేసేరు. ఆగస్టులోనే వేసేరు. చెట్టు మళ్ళీ ఖాళీ. నేను నిన్న సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళేను. పదకొండు పిందెలు విసిరేను. ఒకటి ఏలీయా వీపుకి తగిలింది, మిగిలినవి నదిలో పడ్డాయి. నా వల్ల కాదే. నాకు గురి లేదు. నువ్వే రావాలి.'